ప్రీ-ఈఎంఐ హోమ్ లోన్ రివ్యూ: అద్దె, అప్పు రెండూ మోసే ఆ రెండున్నరేళ్లు

హైదరాబాద్‌లో బాచుపల్లి, తెల్లాపూర్, కొల్లూరు వైపు ఇంకా కడుతున్న అపార్ట్‌మెంట్లో ఫ్లాట్ తీసుకుంటే బ్యాంకు లోన్ మొత్తం ఒకేసారి ఇవ్వదు. స్లాబులు పడేకొద్దీ విడతలుగా బిల్డర్‌కి చెల్లిస్తుంది. ఇల్లు చేతికొచ్చేదాకా, అప్పటివరకు ఇచ్చిన సొమ్ము మీద వడ్డీ కడితే చాలంటుంది. దాన్నే ప్రీ-ఈఎంఐ అంటారు. అద్దింట్లో ఉంటూ మొదటి ఇల్లు కొనేవాళ్లకు చాలాచోట్ల ముందుగా చూపించేది ఇదే. 5కి 3 మార్కులు ఇస్తాం. అద్దెతో పాటు అప్పునూ మోయాల్సిన రోజుల్లో వెసులుబాటు నిజంగానే ఉంటుంది. పోయిన రెండు మార్కులూ ఆలస్యం వల్ల. పని ఆలస్యమైన ప్రతి నెలా ఆ బరువు కొనేవాళ్ల మీదే పడుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఫ్లాట్ 65 లక్షలు, లోన్ 50 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు, అద్దె 22 వేలు. బ్యాంకు ఆరు నెలలకోసారి 10 లక్షల చొప్పున విడుదల చేసిందనుకుందాం. ప్రీ-ఈఎంఐ మొదటి ఆరు నెలలు 7,083 రూపాయలు. ఆ తర్వాత ఆరేసి నెలలకు 14,167, 21,250, 28,333 అవుతూ చివరి ఆరు నెలలు 35,417కి చేరుతుంది. 30 నెలల్లో కట్టిన వడ్డీ 6,37,500. అసలులో ఒక్క రూపాయి తగ్గదు. 50 లక్షలూ అలాగే ఉండగా, 20 ఏళ్ల ఈఎంఐ సాధారణంగా అప్పుడు మొదలవుతుంది.

ఇదే లోన్‌కి మొదటి నెల నుంచే పూర్తి ఈఎంఐ, అంటే 43,391 కడితే కథ మారిపోతుంది. ఇల్లు చేతికొచ్చేనాటికి బాకీ 50కి బదులు 42.4 లక్షలే ఉంటుంది. అదే ఈఎంఐతో కొనసాగితే లోన్ మొదలైన దాదాపు 197 నెలలకు తీరిపోతుంది. ప్రీ-ఈఎంఐ దారిలో 270 నెలలు పడుతుంది. అంటే ఆరేళ్లకు పైగా తేడా. చిక్కల్లా ఒకటే, మొదటి నెల నుంచే అద్దెతో కలిపి 65,391 బయటికి వెళ్తుంది. చేతికొచ్చే జీతం లక్షా 30 వేలు దాటితే తప్ప ఆ దారి పట్టొద్దు.

అంత జీతం లేనివాళ్లు ప్రీ-ఈఎంఐలోనే ఉండి, బోనస్ వచ్చినప్పుడో చీటీ పాడినప్పుడో అసలులోకి కొంత కొంత జమ చేయించుకోవడం మంచిది. వ్యక్తుల పేరు మీదున్న ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) రేటు హోమ్ లోన్లకు ముందస్తు చెల్లింపు జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. కట్టేటప్పుడు అది అసలుకే జమ కావాలని రాసివ్వండి. చెప్పకపోతే రాబోయే నెలల వడ్డీ కింద సర్దేయవచ్చు.

అసలు కడుతున్న ఇల్లే కొనాలా అన్నది అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న. పై లెక్కలోనే 30 నెలల అద్దె 6.6 లక్షలు, 5 శాతం జీఎస్టీ 3.25 లక్షలు, ప్రీ-ఈఎంఐ వడ్డీ 6.37 లక్షలు. మొత్తం 16.2 లక్షలు. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే నివాసానికి అనుమతి పత్రం) వచ్చిన రెడీ ఫ్లాట్‌కి జీఎస్టీ లేదు, వెంటనే దిగిపోతే అద్దె ఉండదు. అదే 50 లక్షల లోన్ మీద ఆ 30 నెలల్లో కట్టే వడ్డీ 10.4 లక్షల దాకా ఉంటుంది. అంటే కడుతున్న ఇంటికి అదనంగా పడేది దాదాపు 6 లక్షలు. అదే ప్రాంతంలో అలాంటి రెడీ ఫ్లాట్ 71 లక్షల లోపు దొరికితే బుకింగ్ కౌంటర్ దగ్గర కూర్చోవాల్సిన పనే లేదు. 75 లక్షలు చెబుతుంటే అప్పుడు ప్రీ-ఈఎంఐ దారి అర్థవంతం. మన చేతి డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీని ఇందులో కలపలేదు.

చేతి డబ్బు దగ్గరే ఎక్కువమంది తడబడతారు. 30 నుంచి 75 లక్షల లోన్లలో ఇంటి విలువలో 80 శాతం దాకానే బ్యాంకు ఇవ్వగలదు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు. కాబట్టి 15 లక్షల మార్జిన్ (ధరలో లోన్ పోగా మీ వాటా), 3.25 లక్షల జీఎస్టీ, తెలంగాణలో 7.5 శాతం రిజిస్ట్రేషన్ కింద మరో 4.9 లక్షలు, మొత్తం 23 లక్షలు సొంతంగా ఉండాలి. ఫ్లాట్ ధర 50 లక్షలు, అంతకు పైన ఉంటే ప్రతి విడతలో 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే కోసే పన్ను) కోసి, ఆ నెల ముగిసిన 30 రోజుల్లో మీరే ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. బ్యాంకు విడత మొత్తం బిల్డర్‌కి పంపేస్తే ఆ 1 శాతం మళ్లీ మీ జేబులోంచి పోతుంది. అందుకే ప్రతిసారీ 99 శాతమే విడుదల చేయమని అడగండి.

ఇక విడత విడుదలయ్యే తీరు. బిల్డర్ డిమాండ్ లెటర్, మీ వాటా కట్టిన రసీదులు, పని ఎంతవరకు వచ్చిందో చెప్పే ఇంజినీర్ సర్టిఫికెట్ బ్యాంకుకి ఇస్తే, వాళ్ల ఇంజినీరు సైటుకి వచ్చి చూస్తాడు. గొడవ వచ్చేది ఇక్కడే. బిల్డర్ పదో స్లాబ్ డబ్బు అడుగుతాడు, సైటులో ఎనిమిదోదే పడి ఉంటుంది. బ్యాంకు ఎనిమిది వరకే ఇస్తుంది. మిగతాదానికి బిల్డర్ ఆలస్యపు వడ్డీ వేస్తాడు. విడతలు తేదీల ప్రకారం కాకుండా పూర్తయిన పని ప్రకారం ఉండాలని అగ్రిమెంట్‌లో రాయించుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఇల్లు కట్టక ముందే లోన్ మొత్తం ఇప్పించుకుని, వడ్డీ మేమే కడతామనే బిల్డర్ల ఆఫర్లకు దూరంగా ఉండండి. విడుదల నిర్మాణ దశలకు ముడిపడి ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

సేల్స్ వాళ్లు చెప్పే పన్ను మినహాయింపు మాటను పెద్దగా పట్టించుకోకండి. పాత పన్ను విధానంలో నిర్మాణ కాలపు వడ్డీని ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన వాయిదాల్లో చూపించుకోవచ్చన్నది నిజమే. కానీ సొంతంగా ఉండే ఇంటికి ఏడాదికి మొత్తం 2 లక్షలే పరిమితి. 50 లక్షల లోన్‌కి మొదటి ఏడాది వడ్డీనే 4.2 లక్షలు. ఆ పరిమితి అక్కడే నిండిపోతుంది. కొత్త విధానంలో సొంతింటి వడ్డీకి మినహాయింపు అసలే లేదు.

ఆలస్యమైతే ఎంత పోతుంది? మొత్తం లోన్ విడుదలయ్యాక నెలకు 35,417 వడ్డీ, 22 వేల అద్దె, కలిపి 57,417. ఏడాది ఆలస్యమైతే దాదాపు 6.9 లక్షలు. అందుకే బుకింగ్ కంటే ముందు తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రాజెక్ట్ పూర్తి చేస్తామని బిల్డర్ రాసిచ్చిన తేదీ చూడండి. సేల్స్ ఆఫీసులో చెప్పే తేదీ, అగ్రిమెంట్‌లోని తేదీ, రెరాలోని తేదీ వేరువేరుగా ఉండటం మామూలే. అగ్రిమెంట్‌లో ఆరు నెలల అదనపు గడువు దాగి ఉందేమో వెతకండి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ఒప్పుకున్న తేదీకి ఇల్లు ఇవ్వకపోతే ప్రతి నెలకూ వడ్డీ అడిగే హక్కు 18వ సెక్షన్ ఇస్తుంది. కానీ ఆ డబ్బు చేతికి రావడానికి సమయం పడుతుంది, అద్దె మాత్రం ఒకటో తారీకుకే కట్టాలి. రెరా నంబర్ లేని ప్రీ-లాంచ్ ఆఫర్‌లో చదరపు అడుగు ఎంత చౌకగా ఇస్తామన్నా బుక్ చేయొద్దు.

మరొకటి, ఇది చాలామందికి తెలియదు. అనుమతి ఇచ్చేటప్పుడు జీహెచ్ఎంసీ, హెచ్ఎండీఏ కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతాన్ని తనఖా పెట్టించుకుంటాయి. ఓసీ వచ్చాకే విడుదల చేస్తాయి. మీ ఫ్లాట్ ఆ 10 శాతంలో ఉంటే పక్కింటివాళ్ల రిజిస్ట్రేషన్ అయిపోయినా మీది ఆగుతుంది. తనఖా దస్తావేజు కాపీ అడిగి ఫ్లాట్ నంబర్ సరిచూసుకోండి.

అన్నిటికంటే ఇరుకైనది తాళాలు చేతికొచ్చే నెల. రిజిస్ట్రేషన్ డబ్బు, కార్పస్ ఫండ్ (భవనం నిర్వహణ కోసం అందరూ కట్టే మూలనిధి), మెయింటెనెన్స్ అడ్వాన్స్, వార్డ్‌రోబ్‌లు, కిచెన్ పని, మొదటి పూర్తి ఈఎంఐ అన్నీ ఒకేసారి మీద పడతాయి. వడ్రంగి పనికి రెండు మూడు నెలలు పడుతుంది, అన్నాళ్లూ అద్దె తప్పదు. కాబట్టి మూడు నెలల అద్దె, మూడు ఈఎంఐలు, అంటే దాదాపు రెండు లక్షలు ముందే పక్కన పెట్టుకోండి. 11 నెలల అద్దె అగ్రిమెంట్ మళ్లీ రాసేటప్పుడు, ఎప్పుడైనా రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయొచ్చనే షరతు రాయించుకోండి. ఇంటి ఓనర్‌కి ఆ నోటీసు మాత్రం బిల్డర్ చెప్పిన తేదీ నమ్మి ఇవ్వకండి. ఓసీ కాపీ చూసి, రిజిస్ట్రేషన్ అయి, వడ్రంగి పని మొదలుపెట్టిన రోజు ఇవ్వండి.