షష్టిపూర్తి జంట బొమ్మలకు ముందే డబ్బు పంపకండి

నాన్నగారి షష్టిపూర్తి కేకు మీద పెట్టడానికని అమ్మానాన్నల పోలికలతో రెండు చిన్న లెగో బొమ్మలు చేయించాను. ఒక్కొక్కటి నాలుగు సెంటీమీటర్ల ఎత్తు, జంట ఖరీదు 3,800 రూపాయలు. డబ్బు పోయింది, బొమ్మలు పనికిరాకుండా పోయాయి. మీలో ఎవరైనా ఇలాంటివి చేయించే ఆలోచనలో ఉంటే ఇది చదివాకే ముందుకు వెళ్లండి.

సోషల్ మీడియాలో ఈ బొమ్మలు చేసి అమ్మేవాళ్లు పెట్టిన ఫోటో చూసి పడిపోయాను. మడత మడతకూ నీడ తేలిన మట్టి తలపాగా, పంచెకు వెంట్రుకంత జరీ అంచు, ముదురాకుపచ్చ చీర నిండా డెకాల్‌తో, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే ముద్రిత బొమ్మలతో, అద్దిన మామిడి పిందెలు. "ఒరిజినల్ లెగో బొమ్మ మీదే పాలిమర్ క్లే పెట్టి ఓవెన్‌లో కాలుస్తాం" అన్నారు. మొత్తం సొమ్ము ముందే, అదీ ఎవరిదో సొంత ఫోను నంబరుకు యూపీఐలో పంపమన్నారు. పంపాను.

ఓవెన్‌లో కాలుస్తామన్న మాట దగ్గరే నేను ఆగవలసింది. సెలవు రోజుల్లో ఈ బొమ్మలకు రంగులు వేసుకునేవాణ్ని, నాకు తెలియనిది కాదు. పాలిమర్ క్లే అంటే వేడికి గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద, దాన్ని 110 నుంచి 130 డిగ్రీల దాకా వేడిలో కాల్చాలి. బొమ్మ చేసిన ఏబీఎస్ ప్లాస్టిక్ 105 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. తలపాగా విడిగా చేసి, కాల్చి, ఆ తర్వాత అతికించాలి. బొమ్మతో కలిపి కాలుస్తామనేవారు ఎప్పుడూ కాల్చి ఉండరు.

నిజంగానే కాల్చలేదు. వచ్చింది గాలికి ఆరే మట్టి. ఆరుతూ కుంచించుకుపోయి వెనకవైపు నిలువునా బీట తీసింది. క్షణాల్లో అంటుకునే జిగురు ధారాళంగా పోసినట్టున్నారు, నాన్న నుదుటి చుట్టూ విభూతి రాసినట్టు తెల్లటి పొర. తలపాగా ఊడదీసి చూస్తే నెత్తిమీది బొడిపె నున్నగా ఉంది. అసలైన లెగో తల అయితే అక్కడ కంపెనీ పేరు అచ్చుపోసి ఉంటుంది. పెట్టె తెరిచినప్పుడే గుప్పుమన్న వాసన నెయిల్ పాలిష్‌ది. దానిలోని ద్రావకాలు ఈ ప్లాస్టిక్‌ను తినేస్తాయి. చొక్కా మీద బొటనవేలు ఆనిస్తే గీతలతో సహా ముద్ర దిగింది.

అమ్మ చీర మరీ ఘోరం. డెకాల్‌ను ఇంక్‌జెట్ ప్రింటర్‌తో ముద్రిస్తే, నీళ్లలో నానబెట్టే ముందే పైన వార్నిష్ కొట్టాలి, లేకపోతే సిరా నిలవదు. దుమ్ము తుడుద్దామని తడిగుడ్డ తాకించాను. మామిడి పిందెలన్నీ గులాబీ నీళ్లై పాదాల మీదికి కారాయి. పసుపు అంచు సంగతి సరేసరి. ఇంటి ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదు కాబట్టి, ముదురు రంగు మీద అది అసలు కనబడనే లేదు.

ఫోటోలు పంపితే "చేతిపని కదండీ, కాస్త తేడా ఉంటుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో ఉన్న కొండపల్లి అంబారీ ఏనుగు కూడా చేతిపనే. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిన తొండం ముప్పై ఏళ్లైనా ఊడలేదు. వీడియో పంపితే "తడిగుడ్డతో ఎవరు తుడవమన్నారు?" అని నన్నే నిలదీశారు. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశారు. కేకు మీద రెండు గులాబీలు పెట్టి కానిచ్చాం.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. అయితే బిల్లు లేదు, చిరునామా లేదు, నా చేతిలో ఉన్నది ఒక ఫోను నంబరు మాత్రమే. మీరు బిల్లు ఇచ్చేవారి దగ్గరే కొనండి. సగానికి మించి ముందు ఇవ్వకండి. ఫోటో చాలదు, మీ బొమ్మదే వీడియో అడగండి. అందులో చేతులూ కాళ్లూ తిప్పి చూపించాలి, రంగు మొదట ఊడేది ఆ కీళ్ల దగ్గరే. డెకాల్ మీద తడివేలు రాసి చూపించమనండి. నీళ్లు నమిలితే అక్కడితో మానేయండి.

ఆ ఫోటో కూడా వాళ్లది కాదు. వెతికితే వేరే రాష్ట్రంలోని ఒక కళాకారిణి రెండేళ్ల క్రితం పెట్టిన పోస్టు దొరికింది. మూలనున్న ఆమె సంతకాన్ని కత్తిరించేశారు. నిన్న అదే ఫోటో ఇంకో పేరుతో, దసరా తగ్గింపు అంటూ మళ్లీ కనిపించింది. వెనక నీలం గోడ, మగ బొమ్మ చేతిలో వెండి చెంబు, కుడివైపు కింది మూల కోసేసి ఉంటుంది.