వన్ బై వాకమ్ చిన్న సైజు డ్రాయింగ్ టాబ్లెట్: పగలు ఆఫీసు, రాత్రి బొమ్మలు వేసేవాళ్లకు

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం, కేఆర్ పురం పీజీల్లో ఉంటున్న మన పిల్లల్లో బొమ్మలు వేసేవాళ్లు తక్కువేం కాదు. ఇంట్లోవాళ్ల లెక్కలో మాత్రం అది పనీపాటా లేనప్పుడు చేసుకునేది. "బాపు గారూ లా చదివారు కదా, పట్టా చేతిలో పెట్టుకునే బొమ్మలు వేశారు" అంటారు. నిజమే, ఆయన 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా తీసుకున్నారు. కానీ ఆయన బతికింది బొమ్మలతోనూ సినిమాలతోనూ అన్న ముక్క దగ్గర వాళ్లే మాట మార్చేస్తారు.

ఉద్యోగం మానకుండా చేయి తిప్పుకుని, నాలుగు ఆర్డర్లు పట్టాక ఇంట్లో కదుపుదాం అనుకునేవాళ్లు ముందు కొనాల్సింది వన్ బై వాకమ్ చిన్న సైజు, మోడల్ సీటీఎల్-472. ఇది లాప్‌టాప్‌కు తగిలించుకుని ప్రత్యేకమైన పెన్నుతో గీసే పలక. ఐప్యాడ్, దాని పెన్సిల్ అంటే ఈఎంఐ. ఈఎంఐ అంటే ఈ నెల ఇంటికి పంపేది ఎందుకు తగ్గిందో చెప్పుకోవాలి. దీని ధర ఆ గొడవ దాకా వెళ్లదు.

దీనికి తెర ఉండదు. పలక మీద గీస్తూ లాప్‌టాప్ వైపు చూడాలి. గీసే జాగా 152 మిల్లీమీటర్ల పొడవు, 95 వెడల్పు. పెన్నులో బ్యాటరీ లేదు, ఛార్జింగ్ గొడవ లేదు. ప్రెషర్ లెవెల్స్, అంటే పెన్ను ఎంత గట్టిగా నొక్కారో పట్టే మెట్లు, 2048. పోటీ కంపెనీ హుయాన్ పలక హెచ్640పీలో 8192, పైగా పలక మీదే 6 షార్ట్‌కట్ బటన్లు, జాగా కూడా 160 బై 100. కాగితం మీద అదే మెరుగు. అయితే 2048కీ 8192కీ తేడా మామూలు చేతికి తెలియదు. తెలిసేది పెన్ను ఎంత తేలికగా తాకినా గీత పడుతుందా అన్నదే, అక్కడ వాకమ్ నాకు నచ్చుతుంది. వాకమ్ పలక మీద బటన్లు లేకపోవడం మాత్రం నిజంగా లోటే. ఎడమ చెయ్యి ఎప్పుడూ కీబోర్డు మీదే ఉండాలి. పెన్ను వంపును కూడా ఇది పట్టదు, కాబట్టి పెన్సిల్‌ను పడుకోబెట్టి షేడింగ్ వేసే అలవాటున్నవాళ్లకు ఇబ్బంది.

కొన్నవాళ్లలో కొందరు మొదటి వారంలోనే "వృత్తం గీస్తే కోడిగుడ్డు వస్తోంది" అని పక్కన పడేస్తారు. పలక నిష్పత్తి 16:10, చాలా లాప్‌టాప్‌లది 16:9. డ్రైవర్ (పలకను నడిపించే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో ఫోర్స్ ప్రపోర్షన్స్ టిక్ పెడితే పలక, తెర నిష్పత్తి ఒకటవుతుంది. కింద 9 మిల్లీమీటర్ల చిల్లర జాగా పోతుంది, పోనివ్వండి. బయటి మానిటర్ కూడా తగిలించి ఉంటే మ్యాపింగ్‌ను (పలక ఏ తెరను కవర్ చేయాలో చెప్పే సెట్టింగు) ఒక్క తెరకే పరిమితం చేయండి, లేకపోతే ఉన్న కాస్త జాగా రెండు తెరలకు పంచుకుపోతుంది.

గీత వణుకుతోందంటే దానికి కారణం వేరు. 15.6 అంగుళాల లాప్‌టాప్ మీద మీ చేతి కదలిక రెండింతలకు పైగా పెద్దదవుతుంది. 24 అంగుళాల మానిటర్ మీద మూడున్నర రెట్లు. అందుకే చిన్న పలకకు చిన్న తెరే మేలు. దానికి తోడు బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో బ్రష్ స్మూతింగ్‌ను (గీతను నునుపు చేసే సెట్టింగు) స్టెబిలైజర్‌కు మార్చుకోండి. క్రిటా పూర్తిగా ఉచితం కాబట్టి మొదటి ఏడాది ఏ చందా కట్టే పనీ లేదు. విండోస్‌లో గీత మొదట్లో పట్టినట్టయి, పెన్ను చుట్టూ గుండ్రటి వలయం కనిపిస్తోందంటే అది పలక లోపం కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోని పెన్ అండ్ టచ్‌లో ప్రెస్ అండ్ హోల్డ్ ఆపేయాలి. ప్రెషర్ అసలు పనిచేయకపోతే క్రిటా టాబ్లెట్ సెట్టింగుల్లో విన్‌టాబ్, విండోస్ ఇంక్ అనే రెండు ఎంపికలూ మార్చి చూసి, ప్రతిసారీ క్రిటాను మూసి తెరవండి.

ఆఫీసు లాప్‌టాప్‌కు దీన్ని తగిలించొద్దు. డ్రైవర్ వేయడానికి అడ్మిన్ పర్మిషన్ కావాలి, ఐటీ వాళ్లు సాధారణంగా ఇవ్వరు. ఇచ్చినా చిక్కే: కంపెనీ పరికరం మీద చేసిన పని కంపెనీదే అనీ, బయటి సంపాదనకు ముందే అనుమతి తీసుకోవాలనీ చాలా ఆఫర్ లెటర్లలో రాసి ఉంటుంది. ఆర్డర్ ఒప్పుకునే ముందు ఆ పేజీ ఒకసారి తిరగేయండి. సొంతానికి 8 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ చాలు. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఏ4 కాన్వాసు 2480 బై 3508 పిక్సెళ్లు. పూర్తిగా నిండిన లేయర్, అంటే బొమ్మలో ఒకదాని మీద ఒకటి పేర్చే పొర, ఒక్కోటి దాదాపు 35 ఎంబీ తింటుంది. ఇరవై లేయర్ల దాకా బండి నడుస్తుంది.

అరిగేది పెన్ను కొసన ఉండే నిబ్బే. పెట్టెలో 3 అదనంగా ఇస్తారు. కొస ఏటవాలుగా కోసినట్టయి అంచు గోటికి గుచ్చుకుంటోందంటే మార్చేయండి. అలాగే గీస్తే పలక మీద గాట్లు పడతాయి. కాగితం మీద గీసినట్టుండాలని పైన పేపర్ అతికించేవాళ్లకు నిబ్బులు ఇంకా త్వరగా పోతాయి. రెండో బలహీనత మైక్రో యూఎస్‌బీ పోర్టు. వైరు తగిలించే ఉంచి ఆఫీసు బ్యాగులో కుక్కితే అది వదులైపోతుంది. ఆ తర్వాత వైరు కాస్త కదిలినా పెన్ను చచ్చిపోతుంది. పీజీలో బల్ల లేదని లాప్‌టాప్ కీబోర్డు మీదే పలక పెట్టి గీస్తే గీత ఎగిరిపడొచ్చు. పెన్ను అయస్కాంత క్షేత్రంతో పనిచేసేది కాబట్టి మధ్యలో ఓ పరీక్ష అట్ట పెట్టి ఒళ్లో ఉంచుకోవడం నయం.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు లాప్‌టాప్ పక్కన పెట్టుకుంటే ఇది ఆఫీసువాళ్లిచ్చిన మౌస్ ప్యాడ్‌లా ఉంటుంది, ఎవరూ అడగరు. అయితే సంబంధాలు చూడటం మొదలయ్యేదాకా దాచడం తెలివితక్కువ. ఇంట్లో బొమ్మలు చూపించి ప్రయోజనం లేదు, బాగున్నాయనే అంటారు. బొమ్మల డబ్బులకని విడిగా ఓ బ్యాంకు ఖాతా తెరిచి, సగం అడ్వాన్సు తీసుకుని, రెండుకు మించిన మార్పులకు అదనం అని ముందే రాసిచ్చి, ఆరు నెలల పాస్‌బుక్ నాన్న ముందు పెట్టండి. వీలైతే జనవరిలో వాళ్లను బెంగళూరు రప్పించి, కుమారకృపా రోడ్డులో చిత్రకళా పరిషత్తు వాళ్లు పెట్టే బొమ్మల సంత చిత్ర సంతెకు తీసుకెళ్లండి. జనం బేరమాడి మరీ బొమ్మలు కొనడం కళ్లారా చూస్తే అడిగే ప్రశ్నలు మారతాయి.

రోజంతా యానిమేషన్ చేసేవాళ్లకు ఇది చాలదు, మీడియం సైజు తీసుకోండి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కొన్నా ఆన్‌లైన్లో కొన్నా సీలు, వారంటీ బిల్లు చూసుకుని, వాపసు గడువు దాటకముందే నాలుగు మూలలా గీసి చూడండి. వైరును మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. గీత ఎక్కడైనా తెగితే అప్పుడే తిప్పి పంపేయండి.