సీసపు కొండ చేతికొస్తే: సొంతంగా తవ్వించాలా, కౌలుకివ్వాలా, జనానికి వదిలేయాలా?

1815. వాటర్లూ యుద్ధం అయిపోయింది. ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక పెద్ద ఎస్టేట్ మీ చేతికొచ్చింది అనుకుందాం. పైన చూస్తే గొర్రెలకు తప్ప దేనికీ పనికిరాని బోడి కొండలు, తెరిపి లేని ముసురు. కింద మాత్రం సున్నపురాతి పగుళ్ళలో సీసపు ఖనిజం ఉంది. దాన్ని బయటికి తీయడం ఎలా?

దారులు మూడు. జీతానికి ఏజెంటును పెట్టుకుని సొంతంగా తవ్వించడం, ఒక కంపెనీకి గుత్తకిచ్చి ఖనిజంలో పాలు తీసుకోవడం, ఎవరు తవ్వుకున్నా అడ్డుచెప్పకుండా వచ్చినదాంట్లో వంతు పుచ్చుకోవడం. ఈ మూడూ ఆ కాలంలో ఒకే దేశంలో, ఒకదానికొకటి పెద్ద దూరం లేని చోట్ల నిజంగా నడిచాయి. అందుకే పోల్చి చూడటానికి వీలుంది.

పోల్చేముందు ఒక సంగతి. గనిలో ఖర్చు ఖనిజం తవ్వడానికి కాదు, ఖనిజం దాకా చేరడానికి అవుతుంది. సీసపు సిర రాతిలో నిలువుగా, పలచగా, గోడలా దిగి ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే కొండ పక్కనుంచి సొరంగం కొట్టాలి, నీళ్ళు బయటికి పోయే దారి చేయాలి. మేకూ సమ్మెటా పట్టి, బండకు రంధ్రం చేసి, మందు కూరి పేల్చుకుంటూ అడుగడుగూ ముందుకు పోవడమే. ఏళ్ళ తరబడి ఇలా తవ్వినా ఒక్క గంపెడు ఖనిజం రాకపోవచ్చు. గని మనుషులు దీన్ని చచ్చిన పని అనేవాళ్ళు. మనం ఉత్త తవ్వకం అనుకుందాం. ఆ ఉత్త తవ్వకానికి డబ్బు ఎవరు పెడతారు? నా లెక్కలో మూడు పద్ధతులకూ అసలు తేడా అక్కడే వస్తుంది.

ముందు జనానికి వదిలేసే పద్ధతి చూద్దాం. వినడానికి ఇదే ముచ్చటగా ఉంటుంది. డెర్బీషైర్‌లో వర్క్స్‌వర్త్ చుట్టుపక్కల ఎవరైనా సరే, ఎవరి పొలంలోనైనా సీసం కోసం వెతకొచ్చు. గుడి, శ్మశానం, ఇంటితోట, రహదారి లాంటివి మాత్రం ముట్టుకోకూడదు. సిర దొరికితే బార్‌మాస్టర్ అనే అధికారి దగ్గరికి వెళ్ళి ఒక కొలపాత్రెడు ఖనిజం ఇస్తే, సిర పొడవునా రెండు ముక్కలు కొలిచి రాసిస్తాడు. ఒక్కో ముక్క ఊరిని బట్టి సుమారు 30 గజాలు. మూడో ముక్క రాజుగారిది. తవ్విన ఖనిజాన్ని తూకం వేయరు, పాత్రతో కొలుస్తారు, అందులో పదమూడో పాత్ర రాజుగారి హక్కుదారుకు. ఆ కొలతకు 1513లో పోతపోసిన ఇత్తడి పాత్ర వర్క్స్‌వర్త్‌లో ఇప్పటికీ ఉంది.

నాకు బాగా నచ్చింది బావి మీది చెక్క గిలక సంగతి. గని ఫలానా వాడిదని చెప్పడానికి అదే గుర్తు. పని ఆపేసి వదిలేస్తే బార్‌మాస్టర్ వచ్చి ఆ చెక్క మీద కత్తితో ఒక గాటు పెడతాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి ఇంకోటి. మూడు గాట్లు పడ్డా పని మొదలు కాకపోతే గని అడిగినవాడికి పోతుంది. తాను తవ్వడు, ఇంకొకణ్ణి తవ్వనివ్వడు అనే రకానికి ఇంతకన్నా చవకైన మందు నేనెక్కడా చూడలేదు.

కానీ యజమానిగా ఆలోచించండి. రాజుగారి హక్కును గుత్తకు తీసుకున్నవాళ్ళయితే ఆ పదమూడో వంతు పైసా ఖర్చు లేకుండా వస్తుంది. ఉత్త పొలం యజమాని అయితే మిగిలేది గోతులే. పైగా 1800 నాటికి పైపై ఖనిజం అయిపోయింది, మిగిలింది నీళ్ళ కింద ఉంది. నలుగురైదుగురు కలిసి తవ్వుకునే జట్టుకు మైళ్ళ పొడవున నీటిసొరంగం తవ్వే తాహతు ఎక్కడిది? దానికి బయటి డబ్బున్నవాళ్ళు రావాల్సి వచ్చింది. హిల్‌కార్ సొరంగం 1766లో మొదలై 1787 దాకా సాగింది, నాలుగు మైళ్ళ పైమాట. నీళ్ళు దిగిపోయిన గనులన్నీ ఆ సొరంగం వాళ్ళకు ఖనిజంలో వంతు ఇచ్చుకోవాలి. పేరుకు అందరి గని, అసలు పగ్గం నీటిసొరంగం యజమానిది.

ఆ నీళ్ళ మీద ఒక పెద్ద వ్యాజ్యం కూడా నడిచింది. క్రామ్‌ఫర్డ్‌లో ఆర్క్‌రైట్ 1771లో పెట్టిన నూలుమిల్లు చక్రం ఒక పాత గని సొరంగం నుంచి వచ్చే నీటితోనే తిరిగేది. తర్వాత ఇంకా లోతుగా మీర్‌బ్రూక్ సొరంగం వచ్చి ఆ నీళ్ళను కిందికి లాగేసింది. ఆర్క్‌రైట్ వారసులు కోర్టుకెక్కారు. గనివాళ్ళు వాళ్ళ అవసరానికి వదిలిన నీళ్ళు అలాగే వస్తూ ఉండాలని అడిగే హక్కు మిల్లుకు లేదని 1839లో తీర్పు వచ్చింది. ఎస్టేట్ నడపడమంటే సగం ఇలాంటి తగాదాలే.

ఇక కౌలు. దీనికి ఉత్తర ఇంగ్లండ్‌లోని ఆల్‌స్టన్ మూర్‌ను మించిన ఉదాహరణ లేదు. ఆ ఎస్టేట్ డెర్వెంట్‌వాటర్ ప్రభువులది. రాజు మీద జరిగిన 1715 తిరుగుబాటులో చేరినందుకు ఆ ప్రభువుకు 1716లో తల తీశారు, ఆస్తి జప్తు చేశారు. 1735లో దాన్ని గ్రీనిచ్ హాస్పిటల్‌కు ఇచ్చారు. పేరుకు హాస్పిటల్ గానీ, అది ముసలి నావికుల ఆశ్రమం, లండన్ పక్కన. అంటే థేమ్స్ ఒడ్డున వికలాంగ నావికుడి రొట్టెకు డబ్బు దాదాపు 300 మైళ్ళ అవతలి కొండ కిందనుంచి వస్తోందన్నమాట. అంత దూరంలో ఉన్న దొరలు గని నడపలేరు కాబట్టి గుత్తకిచ్చారు. మామూలుగా 21 ఏళ్ళ గుత్త. ఖనిజంలో ఐదో వంతు ఆనవాయితీ, ధరలు పడిపోయినప్పుడూ గని గడ్డుగా ఉన్నప్పుడూ తగ్గించేవాళ్ళు. తమ వంతు ఖనిజాన్ని కరిగించుకోవడానికి లాంగ్లీ దగ్గర సొంత కొలిమి కూడా పెట్టుకున్నారు.

కౌలులో సుఖం తెలిసిందే. సిర తప్పితే నష్టం కౌలుదారుది, పడితే మన వంతు మనకు. ఇబ్బందీ తెలిసిందే. కౌలు ముగిసే ఏడాది పొలానికి పెంట తోలే రైతును మీరెక్కడైనా చూశారా? గనిలోనూ అంతే. గడువు దగ్గరపడుతుంటే కొత్త సొరంగం కొట్టడు, ఉన్న ఖనిజం గీకి పట్టుకుపోతాడు, పైకప్పును ఆపి ఉంచాల్సిన ఖనిజపు దిమ్మలనూ వదలడు. అందుకే హాస్పిటల్ ఒక మూర్‌మాస్టర్‌ను పెట్టింది. గనుల్లోకి దిగి, ఏం తవ్వుతున్నారో ఎలా తవ్వుతున్నారో చూసి రావడం అతని పని. ఆ ఉద్యోగి గట్టివాడైతే కౌలు బంగారం. మెతకైతే 21 ఏళ్ళ తర్వాత మీకు దక్కేది నీళ్ళు నిండిన గొయ్యి.

మరి ఉత్త తవ్వకం? తమాషా ఏమిటంటే, కౌలుకిచ్చి కూడా అతి పెద్ద ఉత్త తవ్వకం హాస్పిటలే చేసింది. వాళ్ళ తరఫున ఎస్టేట్ వసూళ్ళూ వ్యవహారాలూ చూసే రిసీవర్లలో ఒకడు జాన్ స్మీటన్, ఎడ్డిస్టోన్ దీపస్తంభం కట్టిన ఇంజనీరు. తోటి రిసీవర్ నికొలస్ వాల్టన్‌తో కలిసి 1776లో నెంట్ ఫోర్స్ సొరంగం మొదలుపెట్టించాడు. నెంట్ లోయ కింద కొండలోకి తిన్నగా పోవాలి, నీళ్ళు తీసేయాలి, దారిలో కొత్త సిరలు తగలాలి. పడవ పట్టేంత వెడల్పు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళను కొవ్వొత్తి వెలుగులో పడవ మీద లోపలికి తీసుకెళ్ళి చూపించేవాళ్ళు కూడా. స్మీటన్ పోయాడు, ఫ్రెంచి యుద్ధాలు వచ్చాయి పోయాయి, సొరంగం సాగుతూనే ఉంది. 1840లు వచ్చేసరికి అయిదు మైళ్ళు. ఖర్చు 80,000 పౌండ్లు దాటింది. దారిలో దొరికిన ఖనిజం ఆ ఖర్చు ముందు ఏ మూలకూ రాదు. ఒక మనిషి సొంత డబ్బయితే పదో ఏడాదే ఆపేసేవాడు. చావు లేని సంస్థ కాబట్టి అరవై ఏళ్ళ పైన ఓపిక పట్టగలిగింది. దాన్ని ఓపిక అనాలో మొండితనం అనాలో నేను తేల్చుకోలేకపోయాను.

ఆల్‌స్టన్‌లో పెద్ద కౌలుదారు లండన్ లెడ్ కంపెనీ. 1692 నాటి చార్టర్, నడిపేది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. ఒక్క గని మీద ఆధారపడకుండా చాలా గనులు, కొలిమిలు పెట్టుకున్నారు కాబట్టి ఒకచోట పోయింది ఇంకోచోట పూడేది, ఉత్త తవ్వకానికి భయపడేవాళ్ళు కాదు. యుద్ధం తర్వాత వాళ్ళ ఉత్తరాది వ్యవహారాలు చూసిన రాబర్ట్ స్టాగ్ హయాంలో నెంట్‌హెడ్‌లో బడి, ఇళ్ళు వచ్చాయి. పనివాళ్ళ పిల్లలు బడికి వెళ్ళి తీరాలి, లేకపోతే ఖనిజం కడిగేచోట పని దొరకదు. ఇంగ్లండ్‌లో నిర్బంధ చదువు చట్టంగా రావడానికి ఇంకా అరవై ఏళ్ళు ఉండగా! దాతృత్వం ఒక్కటే కాదు, చదువుకున్న కుర్రాడు రేపు బేరం లెక్క అర్థం చేసుకునే పనివాడవుతాడనే దూరదృష్టి కూడా ఉందనుకుంటాను.

బేరం అన్నాను కదా, అదేమిటో చూడాలి. కౌలు గనైనా సొంత గనైనా ఉత్తరాదిలో కూలిపద్ధతి ఇంచుమించు ఒకటే. మూడు నెలలకోసారి నాలుగు నుంచి ఎనిమిది మంది జట్టు ఏజెంటు ముందు కూర్చుంటుంది. ఫలానా సిర, ఫలానా చోటు, బింగు ఖనిజానికి ఇన్ని షిల్లింగులు. బింగంటే మన లెక్కలో సుమారు 400 కిలోలు. సిర మందంగా కనిపిస్తే ఏజెంటు రేటు తగ్గిస్తాడు, సన్నగా ఉంటే పెంచుతాడు. ముందు పొద్దు గనిలో తడిమి చూసొచ్చిన జట్టు పెద్ద మొహంలో ఏమీ కనబడనివ్వడు. ఉత్త తవ్వకమైతే రేటు బింగుకు కాదు, ఆరడుగులకింత అని. కొవ్వొత్తులు, మందుగుండు, పనిముట్ల సాన, అన్నీ జట్టు ఖాతాలోనే పడతాయి. నెలనెలా మనిషికి 30, 40 షిల్లింగులు అప్పుగా ఇస్తారు. అసలు లెక్క ఏడాదికోసారి తేలుతుంది. సిర మొండికేస్తే ఏడాది చివర తేలేది బాకీయే. అంటే యజమాని నెత్తిన ఉండాల్సిన రిస్క్‌లో కొంత ఇక్కడ నెమ్మదిగా కూలివాడి నెత్తికి మారింది.

సొంతంగా తవ్వించిన వాళ్ళలో పెద్దవాళ్ళు ఆలెన్‌డేల్, వియర్‌డేల్ లోయల్లోని బ్లాకెట్-బోమాంట్ కుటుంబం. వియర్‌డేల్ వరకు వాళ్ళూ డర్హమ్ బిషప్‌కు గుత్తదారులే అనుకోండి. గని, కొలిమి, రవాణా, అమ్మకం, అన్నీ ఒకే చేతిలో. మధ్యలో ఎవరికీ లాభం పోదు. సీసంలోని వెండి కూడా ఇంట్లోనే మిగులుతుంది. ఆల్‌స్టన్‌లో పుట్టిన హ్యూ లీ ప్యాటిన్సన్ బోమాంట్ల కొలిమిల్లో పనిచేస్తూ, వెండి తక్కువున్న సీసం నుంచి కూడా దాన్ని గిట్టుబాటుగా వేరుచేసే పద్ధతికి 1833లో పేటెంట్ తీసుకున్నాడు. సొంత గని, సొంత కొలిమి ఉన్నవాడికి అలాంటిది వరం.

కష్టం ఎక్కడంటే, గని ఇంటి ఖర్చులతో కలిసిపోతుంది. ఆ ఇంటి వారసుడు థామస్ వెంట్‌వర్త్ బోమాంట్ 1826 నార్తంబర్లాండ్ ఎన్నికల్లో పోటీకి దిగి డబ్బు నీళ్ళలా పోశాడు. అది చాలదన్నట్టు ప్రత్యర్థి వర్గానికి చెందిన లాంబ్టన్‌తో బాంబరా ఇసుకతిన్నెల మీద పిస్తోళ్ళతో ద్వంద్వయుద్ధానికి దిగాడు. ఇద్దరికీ గీత పడలేదు. మరి ఆ ద్వంద్వయుద్ధంలో వారసుడే కూలితే గనుల భవిష్యత్తు ఏమయ్యేది? కంపెనీకి ఈ టెన్షన్ ఉండదు. ఇంకో చిక్కు, ఇల్లూ, గనీ, కొట్టూ అన్నీ ఒక్క దొరవే అయినప్పుడు మాటకు మాట చెప్పే చోటు ఉండదు. 1849లో ఆలెన్‌హెడ్స్‌లో పనిగంటల లెక్క మీద సమ్మె చేసినవాళ్ళలో చాలామంది చివరికి అమెరికా ఓడ ఎక్కారు.

సొంత తవ్వకం చక్కగా నడిచింది చూడాలంటే యార్క్‌షైర్‌లో గ్రాసింగ్టన్‌కు వెళ్ళాలి. అది డెవన్‌షైర్ డ్యూక్‌ది. అక్కడా మొదట డెర్బీషైర్ లాగే చిన్న చిన్న ముక్కలు, బార్‌మాస్టర్. నీళ్ళు పడ్డాక చిన్నవాళ్ళు చేతులెత్తేశారు, డ్యూక్ పని తన చేతిలోకి తీసుకున్నాడు. 1818లో జాన్ టేలర్‌ను పెట్టాడు. టేలర్ అంతకుముందు డెవన్, కార్న్‌వాల్ గనుల్లో ఆరితేరినవాడు. కొండ మీద చెరువులు కట్టించి, మైళ్ళ దూరం కాలువ తవ్వించి, అవే నీళ్ళతో ఒక చక్రం తర్వాత ఒక చక్రం తిప్పించాడు. ఒకటి గనిలో నీళ్ళు తోడుతుంది, ఒకటి ఖనిజం పైకి లాగుతుంది, ఒకటి నలుపుతుంది. చిన్న జట్లు ఇరవై కలిసినా ఇది చేయలేవు. 21 ఏళ్ళ కౌలుదారు చేయడు.

ధరల సంగతి రెండు ముక్కల్లో. యుద్ధకాలంలో సీసం ధర ఆకాశంలో ఉంది. 1825లో దిగుమతి సుంకం తగ్గింది, దక్షిణ స్పెయిన్ గాదోర్ కొండల సీసం వచ్చిపడింది, 1830ల మొదటికి ధర యుద్ధకాలం నాటి దాంట్లో సగం కూడా లేదు. మూడు పద్ధతులకూ అసలు పరీక్ష అప్పుడే జరిగింది. డెర్బీషైర్ చిన్న గనులు మూతబడ్డాయి. కౌలు యజమానులు వంతు తగ్గించుకున్నారు. సొంతంగా తవ్వించేవాళ్ళు ఏజెంటు ఎంత సమర్థుడైతే అంత నిలబడ్డారు.

అయితే ఏది మేలు? మీరు దూరంగా ఉంటూ, గని గురించి ఏమీ తెలియని యజమాని అయితే కళ్ళు మూసుకుని కౌలుకివ్వండి, కానీ చాలా గనులున్న కంపెనీకి ఇవ్వండి, కంపెనీకి ఇచ్చే జాగ్రత్తకు రెట్టింపు జాగ్రత్తతో మూర్‌మాస్టర్‌ను ఎంచుకోండి. చేతిలో డబ్బు, కొండ మీద నీటివాలు, టేలర్ లాంటి మనిషి, మూడూ ఉంటే సొంతంగా తవ్వించండి. ఈ మూడింట్లో ఒకటి తక్కువైనా వద్దు. జనానికి వదిలేసే పద్ధతి 1815లో యజమానికి నేను చెప్పను. 1615లో అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

పనివాడివైపు నుంచి అడిగితే జవాబు వేరు. గిలక మీద గాట్లు పడే స్వేచ్ఛ బాగుంటుంది గానీ, పిల్లలున్నవాణ్ణయితే నేను నెంట్‌హెడ్‌కే వెళ్ళేవాణ్ణి, ఆ బడి కోసం. గని దగ్గర వారం రోజులు ఉండే బస గదిలో మాత్రం ఏ కంపెనీ అయినా, ఏ దొర అయినా ఒకటే. 1840లో పిల్లల పని మీద వేసిన కమిషన్ తరఫున డాక్టర్ మిచెల్ ఆ గదులు చూసి రాశాడు. ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు, ఒకే పొయ్యి చుట్టూ ఆరేసిన తడిబట్టలు, వంటపొగ, చెమట, రాత్రంతా దగ్గు. రాతిదుమ్ము పీల్చిన ఆ మనుషుల్లో చాలామంది నలభైల్లోనే పోయేవాళ్ళు. ఎస్టేట్ లెక్కల పుస్తకంలో కొవ్వొత్తులకు పద్దు ఉంది, మందుగుండుకు ఉంది, దగ్గుకు లేదు.