హోలీ డాలరా, డంపా? ఏది కొనాలి?

1812లో మద్రాసు నుంచి సమరాంగ్ ఓడలో 40,000 స్పానిష్ వెండి డాలర్లు సిడ్నీ చేరాయి. అవి అక్కడి బ్రిటిష్ కాలనీ న్యూ సౌత్ వేల్స్ దాటిపోకూడదని గవర్నర్ మెక్వారీ ఒక్కోదాన్నీ మధ్యలో తొలిపించి, రెండు నాణేలు చేయించాడు: చిల్లున్న బయటి వలయం హోలీ డాలర్ (అంటే చిల్లు డాలర్), మధ్యలోంచి వచ్చిన చిన్న బిళ్ల డంప్. ఆ పని చేసిన విలియం హెన్షల్ దొంగ నాణేల కేసులో శిక్షపడి వచ్చినవాడే! నాణేల సేకరణలో ఉన్నవాళ్లకు ఈ రెండిట్లో ఏది కొనాలన్న టెన్షన్ మామూలే.

అప్పటి విలువ: హోలీ డాలర్ 5 షిల్లింగులు, డంప్ 15 పెన్నీలు.

ధర: హోలీ డాలర్ కన్నా డంప్ చాలా చవక. ఎందుకంటే హోలీ డాలర్లు సుమారు 300 మాత్రమే మిగిలాయి.

చూడ్డానికి: నా మనసు హోలీ డాలర్ మీదే. చిల్లు చుట్టూ ‘న్యూ సౌత్ వేల్స్ 1813’ ముద్ర, బయటి అంచున స్పెయిన్ రాజు పేరు, టంకశాల గుర్తు. రెండు సామ్రాజ్యాలు ఒకే వెండి మీద! డంప్ మీద కిరీటం ఉంటుంది. కొన్నిటిలో పాత స్పానిష్ ముద్ర లీలగా కనిపిస్తుంది, అలాంటిది దొరికితే వదలొద్దు.

రిస్క్: రెండిటికీ నకిలీలున్నాయి. నిపుణుడికి చూపించకుండా డబ్బు కట్టొద్దు.

బడ్జెట్ పరిమితమైతే, అరుగుదల తక్కువున్న డంప్ తీసుకోండి. ఒకే ఒక్క గొప్ప నాణెం చాలనుకుంటే, ఆగి హోలీ డాలరే కొనండి.