పాముపొడ తెగులుకు వాలిడామైసినా, హెక్సాకొనజోలా, సూడోమోనాసా: ఏది మేలు?

వరి బాగా దుబ్బు కట్టి పిలకలు ఒకదానికొకటి ఆనుకునే వేళకు పాముపొడ దిగుతుంది. గట్టు మీద నిలబడి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. దుబ్బును రెండు చేతులతో విడదీసి, నీటి గీతకు కాస్త పైన ఆకు తొడుగులు చూడాలి. అక్కడ బూడిద పచ్చ రంగు కోలమచ్చలు, వాటి చుట్టూ ముదురు గోధుమ రంగు అంచు కనిపిస్తాయి. మచ్చలు కలిసిపోయి పాము ఒంటి మీది పొడలా మారితే అనుమానం అక్కర్లేదు, రైజోక్టోనియా సొలాని అనే శిలీంధ్రం, అంటే బూజు, పట్టింది. దీనికి ఎక్కువగా వినిపించే మూడు పేర్లు పైన చెప్పినవే. తెగులు ఒకటే అయినా మూడూ పనిచేసే తీరు వేరు, వేసే వేళ కూడా వేరు.

వాలిడామైసిన్ రసాయన కర్మాగారంలో పుట్టిన మందు కాదు. మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ హైగ్రోస్కోపికస్ అనే బ్యాక్టీరియాను తొట్లలో పులియబెట్టి తీస్తారు. 1970 ప్రాంతంలో జపాన్‌లోని టకేడా కంపెనీ పరిశోధకులు దీన్ని బయటపెట్టారు. దీనితో వచ్చే చిక్కల్లా ఒకటే: ఇది బూజును చంపదు. బూజు తన పోగుల్లో ట్రెహలోస్ అనే చక్కెర దాచుకుంటుంది. పెరిగే కొసకు తిండి కావాలంటే ట్రెహలేస్ అనే ఎంజైము ఆ చక్కెరను గ్లూకోజుగా విడగొట్టాలి. వాలిడామైసిన్ పట్టుకునేది ఆ ఎంజైమునే. తిండి అందని కొస ముందుకు సాగలేక, పక్కలకు అడ్డదిడ్డంగా కొమ్మలు వేసి ఆగిపోతుంది.

కాబట్టి కొట్టిన మూడో రోజు పాత మచ్చలు అలాగే ఉన్నాయని మందును తిట్టుకోవద్దు. పాత మచ్చ ఏ మందుకూ మానదు. పిచికారీ రోజునే నాలుగైదు పిలకలకు అన్నిటికన్నా పైనున్న మచ్చ దగ్గర ఎర్రదారం కట్టండి. వారం పోయాక మచ్చ దారం దాటి పైకి ఎక్కిందా లేదా చూడండి. మందు పనితనం తేలేది అక్కడే.

హెక్సాకొనజోల్ దారి వేరు. బూజు కణపు పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీనే ఆపేస్తుంది. మొక్కలోకి ఇంకి పైకి పాకుతుంది. అంటే చేయి అన్నిచోట్లా సమంగా తిరగకపోయినా కొంత సర్దుకుంటుంది. వాలిడామైసిన్‌కు ఆ వెసులుబాటు తక్కువ, పడ్డచోటే దాని పని. మచ్చలు మొదటి రెండు తొడుగులు దాటకముందైతే వాలిడామైసిన్ చాలు. పోటాకు (వెన్ను కింద ఉండే చివరి ఆకు) వైపు ఎక్కడం మొదలైతే మాత్రం హెక్సాకొనజోలే నయం.

మోతాదు రెండింటికీ ఒకటే: లీటరు నీటికి 2 మి.లీ., ఎకరాకు 200 లీటర్ల నీరు, 400 మి.లీ. మందు. వాలిడామైసిన్ 3 శాతం, హెక్సాకొనజోల్ 5 శాతం ద్రావణాలకే ఈ లెక్క. 16 లీటర్ల ట్యాంకుకు 32 మి.లీ. పడాలి, ఎకరాకు పన్నెండున్నర ట్యాంకులు అవుతాయి. చాలామంది ఆరేడు ట్యాంకులతో ముగించేస్తారు. అప్పుడు మందు సగమే పడుతుంది, పడ్డది కూడా ఆకుల మీదే ఆగిపోతుంది. తెగులేమో అడుగున ఉంది!

అందుకని కొట్టే ముందు పొలంలో నీరు తీసేయండి. నీటిలో మునిగిన తొడుగులు అప్పుడు బయటపడతాయి. నాజిల్‌ను సాళ్ల మధ్యకు దించి దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టాలి. నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట వదిలినవారికి ఈ పని సులువు, వదలనివారికి నరకం. డ్రోన్‌తో ఎకరాకు పది లీటర్ల నీటితో చల్లేటప్పుడు చుక్క అడుగుదాకా దిగడం కష్టం. వాలిడామైసిన్‌ను డ్రోన్‌తో చల్లించడం నాకు నచ్చని పని. పది పదిహేను రోజులకు రెండోసారి చూసుకుని, అవసరమైతేనే కొట్టాలి. తెగులు కనిపించాక యూరియా చల్లడం ఆపాలి. కింద యూరియా పోస్తూ పైన మందు కొడితే ఏ మందైనా ఓడిపోతుంది.

భద్రతలో వాలిడామైసిన్‌దే పైచేయి. ఎలుకల్లో నోటి ద్వారా ప్రాణాంతక మోతాదు కిలో బరువుకు 20 గ్రాములు దాటింది. హెక్సాకొనజోల్‌కు అది మగ ఎలుకల్లో రెండు గ్రాముల పైచిలుకు. గింజలో మిగిలే అవశేషాల తలనొప్పీ హెక్సాకొనజోల్‌కే ఎక్కువ. 2023లో పంజాబ్ ప్రభుత్వం ఎగుమతుల కోసం బాస్మతి వరిపై 60 రోజుల పాటు పది మందులను ఆపింది. ఆ జాబితాలో హెక్సాకొనజోల్ ఉంది, వాలిడామైసిన్ లేదు. మన స్వర్ణకూ సాంబ మసూరికీ ఆ నిబంధన లేకపోయినా, కోత దగ్గరపడ్డాక ఏది కొట్టాలో తేల్చుకోవడానికి ఇది పనికొచ్చే సంగతే.

ఇక సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్. ఇది బ్యాక్టీరియా చేసిన మందు కాదు, బ్యాక్టీరియానే. వేళ్ల దగ్గర స్థిరపడి బూజును అడ్డుకునే పదార్థాలు తానే వదులుతుంది. కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి పట్టించాలి. ఎకరాకు కిలో పొడిని 20 కిలోల చివికిన పశువుల ఎరువులో కలిపి, పొలం తడిగా ఉన్నప్పుడు చల్లాలి. మచ్చలు కనిపించాక దీన్ని నమ్ముకుంటే చేను పోతుంది. ముందునుంచీ వాడితే మాత్రం మందు కొట్టాల్సిన సార్లు తగ్గవచ్చు. కాలం దాటిన పొడి, ఎండలో పెట్టిన పొడి కొనొద్దు, అందులో బతికున్నది మిగలదు. కాపర్ మందులతో కలపొద్దు.

పేరు చివర మైసిన్ ఉందని కాసుగామైసిన్‌ను పాముపొడకు వాడేవారూ ఉన్నారు. అదీ స్ట్రెప్టోమైసిస్ నుంచే వస్తుంది కానీ అది అగ్గి తెగులుకు, లీటరుకు 2.5 మి.లీ. చొప్పున. పాముపొడ మీద డబ్బు దండగ. వాలిడామైసిన్ అగ్గి తెగులు మీద అంతకన్నా దండగ. పైగా కాసుగామైసిన్ బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది, కాబట్టి సూడోమోనాస్ వేసిన చేలో దాన్ని వెంటనే కొడితే మీరు వేసిన బ్యాక్టీరియాకే దెబ్బ తగలవచ్చు.