క్వీన్స్‌బ్రిడ్జ్ దాకా: ‘ది ఫర్మ్’ వాళ్ల ఒకే ఒక్క ఆల్బమ్ పట్టుకుని న్యూయార్క్‌లో నాలుగు రోజులు

సినిమా తీసి దానికి ‘సినిమా’ అని పేరు పెడితే ఎలా ఉంటుంది? 1997 అక్టోబరులో ‘ది ఫర్మ్’ అనే ర్యాప్ బృందం చేసింది అదే. తీసింది ఒకే ఒక్క ఆల్బమ్, దాని పేరు ‘ది ఆల్బమ్’. నేను మొదట విన్నది 2002లో, కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న ఎంపీ3 సీడీలో. అందులో పాటల పేర్లు కూడా ఉండేవి కావు, ట్రాక్ 7, ట్రాక్ 8 అని ఉండేది అంతే. హాస్టల్లో అది మోగుతుంటే మా రూమ్మేట్ "ఎవరో ఫోన్లో మాట్లాడుకుంటున్నారు సరే, పాట ఎప్పుడొస్తుందిరా?" అనేవాడు. అదే పాట. దాని పేరు ‘ఫోన్ ట్యాప్’ అని నాకు తెలిసేసరికి ఇంకో రెండేళ్లు పట్టింది.

2024 అక్టోబరులో అమెరికాలో ఆఫీసు పని పడింది. దానికి ముందు నాలుగు రోజులు సెలవు కలుపుకున్నా. ఎడిసన్‌లో ఉండే మా పిన్ని కొడుకు "అన్నయ్యా, మా ఇంట్లోనే దిగు, శనివారం టైమ్స్ స్క్వేర్ తిప్పుతా" అన్నాడు. కాదురా, ది ఫర్మ్‌లో ఇద్దరు పెరిగిన కాలనీ, క్వీన్స్‌బ్రిడ్జ్ చూడాలి నేను అంటే, "అక్కడేముంది? గవర్నమెంట్ క్వార్టర్స్" అన్నాడు. నిజమే, అక్కడున్నవి అవే. అందుకే వెళ్దామనుకున్నా.

బస దగ్గర నుంచి మొదలుపెడతా, ఎందుకంటే నా డబ్బు ఎక్కువగా పోయింది అక్కడే. న్యూయార్క్ నగరంలో 2023 సెప్టెంబరు నుంచి రూల్స్ గట్టిగా అమలవుతున్నాయి, నెల కంటే తక్కువ రోజులకు ఇల్లు మొత్తం అద్దెకు దొరకడం దాదాపు ఆగిపోయింది, కాబట్టి హోటలే గతి. మన్‌హట్టన్‌లో రేట్లు చూసి కళ్లు తిరిగి, నది ఇవతల లాంగ్ ఐలాండ్ సిటీలో, క్వీన్స్ ప్లాజా దగ్గర తీసుకున్నా. బుకింగ్ పేజీలో రోజుకు 169 డాలర్లు. కౌంటర్ దగ్గరకు వెళ్లాక ‘ఫెసిలిటీ ఫీ’ అని రోజుకు 25. దేనికయ్యా అంటే వైఫై, జిమ్, లాబీలో కాఫీ అన్నాడు. కాఫీ మెషీన్ నేనున్న నాలుగు రోజుల్లో ఒక్కరోజు పనిచేసింది. దాని మీద పన్ను 14.75 శాతం, అది కాక రాత్రికి మూడున్నర డాలర్లు. వెరసి రోజుకు 226. ఫొటోలో కిటికీలోంచి బ్రిడ్జి దీపాలు మెరుస్తుంటాయి. నాకిచ్చిన గది కిటికీ తెరిస్తే ఎదురుగా రైలు పట్టాలు, చేయి చాపితే అందేటట్టు. మొదటి రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, రెండో రోజు ఇయర్‌ప్లగ్స్ కొన్నా. అయినా ఆ ఏరియాకి నేను మంచి మార్కులే వేస్తా. మూడు నాలుగు రైలు లైన్లు నడక దూరంలో ఉన్నాయి, నేను చూడాలనుకున్న చోటికి పావుగంట నడక. హోటల్ తీసుకునేవాళ్లు మాత్రం ‘అన్ని ఫీజులతో కలిపి’ అన్న ధర చూసి పోల్చుకోండి, పట్టాల వైపు కాని గది ముందే అడగండి.

జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టు నుంచి ట్యాక్సీ అక్కర్లేదు. 2024లో నేను వెళ్లినప్పుడు ఎయిర్‌ట్రెయిన్‌లో జమైకా దాకా 8.50, అక్కడ ‘E’ లైన్ సబ్‌వే 2.90, మొత్తం 11.40 డాలర్లు పడింది, దాదాపు గంటలో క్వీన్స్ ప్లాజాలో దిగా. కార్డో ఫోనో గేటు మీద తాకిస్తే చాలు. ఏడు రోజుల్లో పన్నెండు సార్లు ఒకే కార్డు వాడితే ఆ తర్వాత ప్రయాణాలు ఫ్రీ. సబ్‌వే వాసన గురించి ఎవరేమన్నా, ఆ ఊళ్లో డబ్బుకు తగ్గ సర్వీసు అదొక్కటే అనిపించింది.

ఇక అసలు సంగతి. ది ఫర్మ్ అంటే నాస్, ఏజీ, ఫాక్సీ బ్రౌన్, నేచర్. నాస్, నేచర్ క్వీన్స్‌బ్రిడ్జ్ వాళ్లు, ఏజీ, ఫాక్సీ బ్రూక్లిన్ వాళ్లు. నిజానికి నేచర్ చోట మొదట ఉన్నది కార్మెగా, అతనూ క్వీన్స్‌బ్రిడ్జ్ మనిషే. 1996లో నాస్ రెండో ఆల్బమ్ ‘ఇట్ వాజ్ రిటన్’లో ‘అఫర్మేటివ్ యాక్షన్’ అనే పాటలో నాస్, ఏజీ, ఫాక్సీ, కార్మెగా నలుగురూ కలిసి పాడారు, అక్కడే ఈ బృందానికి బీజం పడింది. తర్వాత మాటా మాటా వచ్చి కార్మెగా బయటికి, నేచర్ లోపలికి. సంగీతం సగం డాక్టర్ డ్రేది, సగం న్యూయార్క్‌కి చెందిన ట్రాక్‌మాస్టర్స్ అనే జంటది. డ్రే లాస్ ఏంజిలస్ మనిషి. 1996 సెప్టెంబరులో వెస్ట్ కోస్ట్ ర్యాపర్ టూపాక్‌ని, 1997 మార్చిలో న్యూయార్క్ ర్యాపర్ బిగ్గీని కాల్చి చంపారు, ఈస్ట్ కోస్ట్, వెస్ట్ కోస్ట్ అని రెండు వర్గాలుగా చీలిపోయి ఉన్న రోజులు. బిగ్గీ పోయిన ఏడు నెలలకు వెస్ట్ కోస్ట్ పెద్ద తలకాయ న్యూయార్క్ వాళ్లకు ఆల్బమ్ చేసిపెడుతున్నాడంటే అప్పట్లో అదే పెద్ద వార్త. అంచనాలు ఆకాశంలో ఉన్నాయి, వచ్చీ రాగానే అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో నంబర్ వన్. పోల్చి చూడండి, ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచిన రికార్డుల జాబితాకెక్కిన నాస్ మొదటి ఆల్బమ్ ‘ఇల్‌మాటిక్’ 1994లో అదే చార్టులో 12వ స్థానం దాటలేదు.

మొదటి వారం సందడి అయ్యాక మాత్రం చప్పబడింది. రివ్యూలు అటూ ఇటూ వచ్చాయి. వినేవాళ్ల కంప్లయింట్ దాదాపు ఒకటే: నలుగురు గొప్పోళ్లు కలిస్తే నాలుగు రెట్లు వస్తుందనుకున్నాం, ఇదేంటి అని. పాట తర్వాత పాట అదే మాఫియా కథ, అవే సూట్‌కేసులు, అవే షాంపేన్లు. డ్రే చేసిన పాటలు ఒక ఊళ్లో, ట్రాక్‌మాస్టర్స్ చేసినవి ఇంకో ఊళ్లో ఉన్నట్టుంటాయి. టీనా మరీ పాట ‘స్క్వేర్ బిజ్’ మీద కట్టిన ‘ఫర్మ్ బిజ్’లో ఎన్ వోగ్ అనే బృందంలో పాడిన డాన్ రాబిన్‌సన్ గొంతు తీయగానే ఉంటుంది, కానీ పెళ్లి రిసెప్షన్‌లో వేసుకునే పాటలా ఉంటుంది, గ్యాంగ్‌స్టర్ల పాటలా కాదు. ఒక రకంగా నా హోటల్ బుకింగ్ పేజీ కూడా ఇంతే అనుకోండి.

క్వీన్స్‌బ్రిడ్జ్‌కి రెండో రోజు పొద్దున పదింటికి నడిచి వెళ్లా. 1939లో తెరిచిన ప్రభుత్వ కాలనీ, ఉత్తర అమెరికాలోనే అతి పెద్దది, మూడు వేలకు పైగా ఇళ్లు. ఇటుక కట్టడాలు, అన్నీ ఆరంతస్తులే, పై నుంచి చూస్తే వై అక్షరం ఆకారం. కట్టినప్పుడు ఖర్చు తగ్గించడానికి లిఫ్టులు ఒకటి, మూడు, అయిదో అంతస్తుల్లోనే ఆగేలా పెట్టారట, మిగతావాళ్లు మెట్లెక్కాల్సిందే. మధ్యలో బెంచీలు, పెద్ద పెద్ద చెట్లు, అక్టోబరు కదా, ఆకులు సగం పసుపు. ఒక పెద్దావిడ మడతపెట్టే బండిలో కిరాణా లాక్కుంటూ వచ్చి, చక్రం ఫుట్‌పాత్ పగులులో ఇరుక్కుంటే బండిని కొంచెం వెనక్కి లాగి, పక్కకి వంచి, అలవాటుగా ఒక్క తన్ను తన్ని ముందుకు తోసింది. నన్ను చూసి "గుడ్ మార్నింగ్" అంది. నేను బెదిరిపోయి వెళ్లిన చోట అలా పలకరిస్తారనుకోలేదు.

భయం గురించి అడుగుతారని చెబుతున్నా. పగటిపూట నాకేం ఇబ్బంది కాలేదు. కానీ అది మ్యూజియం కాదు, జనం బతికే చోటు. బిల్డింగుల్లోకి దూరడం, కిటికీల వైపు, పిల్లల వైపు కెమెరా పెట్టడం వద్దు. నేను ఫోన్ జేబులోంచి తీసింది పక్కనున్న క్వీన్స్‌బ్రిడ్జ్ పార్కులోనే. నది ఒడ్డున పార్కు, నెత్తిన బ్రిడ్జి, కొంచెం పక్కకి చూస్తే కరెంటు ప్లాంటు, దానికి ఎరుపూ తెలుపూ చారల పొగ గొట్టాలు. మార్లీ మార్ల్, ఎంసీ షాన్, మాబ్ డీప్ బృందంలోని హావక్, నాస్ లాంటి ర్యాప్ వాళ్లందరూ ఇవి చూస్తూ పెరిగినవాళ్లే. గైడు లేడు, టికెట్టు లేదు, టాయిలెట్ కోసం మాత్రం ముందే ప్లాన్ చేసుకోండి.

బెంచీ మీద కూర్చుని ఆల్బమ్ మొత్తం విన్నా, మధ్యలో రెండు పాటలు దాటేశా, అబద్ధం ఎందుకు. ఆ ఇటుక గోడల ముందు కూర్చుని షాంపేన్ పాటలు వింటుంటే నవ్వొచ్చింది. ‘ఇల్‌మాటిక్’లో నాస్ తన కిటికీలోంచి కనిపించేది చెప్పాడు. ఇక్కడ ఎక్కడో ఉండే డాన్‌ల సంగతి చెబుతున్నాడు. కానీ ‘ఫోన్ ట్యాప్’ వచ్చేసరికి మాత్రం కథ మారింది. డ్రే చేసిన ఆ ట్యూన్‌లో తీగ మీటినట్టు చిన్న ముక్క తిరుగుతూ ఉంటుంది, నాస్, ఏజీ గొంతులు నిజంగా టెలిఫోన్లోంచి వస్తున్నట్టు సన్నగా, గరగరగా వినిపిస్తాయి, ఎవరో వింటున్నారన్న అనుమానం ఇద్దరి మాటల్లోనూ ఉంటుంది. అందులో గొప్పలు లేవు, టెన్షన్ ఉంది. ఆల్బమ్ అంతా ఇలా ఉండి ఉంటే ఈ బృందం రెండోది కూడా తీసేదేమో. మొత్తం ఆల్బమ్‌కి నేను అయిదుకు మూడు ఇస్తా, ఈ పాటకు అయిదూ ఇస్తా.

మూడో రోజు ఒక హిప్‌హాప్ బస్సు టూరు ఎక్కా, పేరెందుకులే. బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ దగ్గర దింపారు. 1973 ఆగస్టు 11న డీజే కూల్ హెర్క్ పార్టీ జరిగిన బిల్డింగ్, హిప్‌హాప్ పుట్టిల్లు అంటారు. అది చూడటం బాగుంది. గైడు మంచి మాటకారి, కాని ట్రాఫిక్‌లో టైమ్ పోయిందని చివరి రెండు ఆగే చోట్లు ఎగ్గొట్టేశారు, డబ్బు వెనక్కి అడిగితే "టికెట్ వెనక చదవండి" అన్నారు. క్వీన్స్‌బ్రిడ్జ్ వాళ్ల లిస్టులోనే లేదు. 1986, 87లో బ్రాంక్స్ వాళ్లు, క్వీన్స్‌బ్రిడ్జ్ వాళ్లు హిప్‌హాప్ మీ దగ్గర పుట్టిందా మా దగ్గరా అని పాటల్లో తిట్టుకున్నారు, ఆ గొడవ బస్సు టూర్లలో ఇంకా నడుస్తోందనుకున్నా. నా సలహా, టూరు డబ్బుతో రెండు రోజుల భోజనం వస్తుంది, సబ్‌వేలో మీరే వెళ్లండి.

బ్రూక్లిన్‌కి పూర్తిగా న్యాయం చేయలేకపోయా. ఫాక్సీ వాళ్ల పార్క్ స్లోప్ ఇప్పుడు పిల్లల తోపుడు బళ్లు, ఖరీదైన కాఫీ షాపులు. ఏజీ వాళ్ల ఈస్ట్ న్యూయార్క్‌కి వెళ్లే ఓపిక మిగల్లేదు.

సీడీ వేట మాత్రం చెప్పాలి. హిప్‌హాప్ రికార్డులకు ఒకప్పుడు పేరుమోసిన ‘ఫ్యాట్ బీట్స్’ షాపు 2010లోనే మూసేశారు. ఈస్ట్ విలేజ్‌లో ఒక పాత రికార్డుల షాపులో అడిగితే, కౌంటర్లో కుర్రాడు "ది ఫర్మ్ ఆల్బమా, మెట్ల కింద డబ్బాలో చూడండి" అన్నాడు. వంగి వెతికితే రెండు కాపీలున్నాయి. ఏడు డాలర్లు, మూత పగిలింది, లోపల పుస్తకం బాగుంది. అదే షాపులో గోడ మీద ‘ఇల్‌మాటిక్’ రికార్డు ప్లాస్టిక్ కవరులో వేలాడుతోంది. నంబర్ వన్ వచ్చింది మెట్ల కింద, పన్నెండుతో ఆగింది గోడ మీద. బిల్లు వేస్తూ ఆ కుర్రాడు "ఫోన్ ట్యాప్ కోసమేగా?" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు ఇద్దరం.

తిండి విషయానికి వస్తే, ఫ్లషింగ్‌లో గణేశుడి గుడి క్యాంటీన్‌కి తప్పకుండా వెళ్లండి. దోసె బాగుంది, సాంబారు కొంచెం తియ్యగా ఉంది. నేల మాళిగలో ప్లాస్టిక్ ట్రే పట్టుకుని నంబరు పిలిచేదాకా నిలబడటం, పక్క టేబుల్లో ఎవరో "నాన్నా, చట్నీ కారంగా ఉంది" అనడం, నాకు ప్రాణం లేచొచ్చింది.

చివరి సాయంత్రం మన్‌హట్టన్ 59వ వీధి నుంచి రూజ్‌వెల్ట్ ఐలాండ్ ట్రామ్ ఎక్కా. నది మీద తీగలకు వేలాడే క్యాబిన్ అది, సబ్‌వే టికెట్ ధరే, అప్పట్లో 2.90 డాలర్లు. వందల డాలర్ల హెలికాప్టర్ రైడ్ల కంటే ఇదే మేలు, సాయంత్రం వెళ్తే క్యూ ఉంటుంది, కుడివైపు కిటికీ పట్టుకోండి. పక్కనే బ్రిడ్జి, ఎదురుగా దూరంగా ఆ చారల గొట్టాలు. చెవిలో ‘ఫుల్ సర్కిల్’ పెట్టుకున్నా. 2020లో నాస్ ‘కింగ్స్ డిసీజ్’ ఆల్బమ్‌లో ఏజీ, ఫాక్సీ బ్రౌన్, కార్మెగాలతో పాడిన పాట. అప్పుడు బయటికి వెళ్లిన కార్మెగా ఇందులో ఉన్నాడు, అతని బదులు వచ్చిన నేచర్ లేడు. ఆ ఆల్బమ్‌కే నాస్‌కి మొదటి గ్రామీ వచ్చింది. ముగింపులో డ్రే గొంతు కూడా వినిపిస్తుంది, దాని కోసమే ఎదురుచూస్తున్నా. ఈలోపే క్యాబిన్ అవతలి ఒడ్డుకు చేరింది, తలుపులు తెరుచుకున్నాయి, వెనక జనం తోస్తున్నారు. దిగి ఒక బెంచీ చూసుకుని కూర్చున్నా, పాట అయ్యేదాకా కదలదల్చుకోలేదు. సరిగ్గా డ్రే వచ్చే చోట పాట ఆగి ఫోన్ మోగింది. పిన్ని కొడుకు.

"అన్నయ్యా, తిన్నావా? ఎక్కడున్నావ్?"

"క్వార్టర్స్ దగ్గరికి ఒక్క స్టేషన్ దూరంలో ఉన్నాన్రా, అయిదు నిమిషాలాగి చేస్తా" అన్నా.