మోటర్‌హోమ్ వెనుక ఒక స్కూటర్: మూడేళ్ల అనుభవం

మూడేళ్ల క్రితం ఇల్లు అమ్మేసి 28 అడుగుల మోటర్‌హోమ్‌లోకి, అంటే చక్రాల మీది ఇంట్లోకి మారాం. అమెరికా అంతా తిరుగుతూ ఏడాది పొడవునా అందులోనే కాపురం. మొదటి నెలలోనే ఒక సంగతి తెలిసివచ్చింది. ఎక్కడైనా మకాం వేశాక పాలు అయిపోతే నీళ్ల గొట్టం, కరెంటు తీగ, మురుగు గొట్టం విప్పాలి, లోపల గిన్నెలన్నీ సర్దాలి, ఆపైన ఇంటినే అంగడికి తోలుకుపోవాలి. తిరిగి వచ్చాక మళ్లీ అన్నీ తగిలించుకోవాలి. లీటరు పాలకు గంటన్నర పని.

చాలామంది మోటర్‌హోమ్ వెనుక చిన్న కారును లాక్కుంటూ వెళతారు. నాలుగు చక్రాలూ నేల మీద ఉండేలా తగిలించిన కారుతో బండిని వెనక్కి తీయడం కుదరదు. ఇరుకైన పెట్రోలు బంకులో చిక్కుకుంటే దిగి, కారును విప్పి, ఒక్కొక్కటిగా బయటికి తీయవలసిందే. మావారికి అంత పెద్ద బండి నడపడమే కొత్త, ఇక ఈ బాధ్యత కూడా వద్దన్నారు. పెళ్లికి ముందు ఆరేళ్లు స్కూటర్ నడిపినదాన్ని కాబట్టి, స్కూటర్ కొందామని నేనే పట్టుబట్టాను. అందువల్ల దాని మంచిచెడ్డలు చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

మొదట చూసింది హోండా మెట్రోపాలిటన్. 49 సీసీ, బరువు 180 పౌండ్లు. నాకు ఎంతో నచ్చింది. కానీ ఇద్దరం ఎక్కి చిన్న ఎత్తు ఎక్కబోతే వేగం 25 మైళ్లకు పడిపోయింది, వెనుక కార్లు బారులు తీరాయి. ఊరి వీధుల్లో ఒక్కరు తిరగడానికి అది చక్కని బండి, మా అవసరానికి చాలదు. చివరికి వాడిన హోండా పీసీఎక్స్ 150 తీసుకున్నాం. 153 సీసీ, బరువు 290 పౌండ్ల దరిదాపుల్లో. చదును దారిలో ఇద్దరితోనూ 55 మైళ్ల వేగం తేలిగ్గా అందుకుంటుంది. మా పుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం గ్యాలన్‌కు 90 మైళ్లకు తగ్గలేదు.

కొనేముందు ఎవరూ చెప్పనిది బరువు సంగతి. స్కూటర్, దాన్ని మోసే క్యారియర్ కలిపి 370 పౌండ్లు. ఇది వెనుక ఇరుసుకు 12 అడుగుల వెనక వేలాడుతుంది. మా బండి రెండు ఇరుసుల మధ్య దూరం 18 అడుగులు. తక్కెడ లెక్క వేసి చూస్తే వెనుక ఇరుసు మీద పడేది 370 పౌండ్లు కాదు, 600 పైచిలుకు. ఆ మేరకు ముందు ఇరుసు దాదాపు 250 పౌండ్లు తేలికపడుతుంది. స్టీరింగు తిప్పేది ముందు చక్రాలే కదా! ట్రక్కులు ఆగే చోట కాటా వేయించి చూస్తే వెనుక ఇరుసు పరిమితికి 140 పౌండ్ల దూరంలో ఉన్నాం. అప్పుడు వెనుక అరల్లోని పనిముట్ల పెట్టెలు, మడత కుర్చీలు ముందుకు మార్చాం, ప్రయాణాల్లో మంచినీళ్ల ట్యాంకు మూడో వంతుకు మించి నింపడం మానేశాం. హిచ్ (బండి వెనుక క్యారియర్ తగిలించే కొక్కెం) మీద రాసి ఉన్న అంకె ఒక్కటే చూసి స్కూటర్ ఎక్కించినవాళ్లను దారిలో చాలామందిని చూశాను. దయచేసి ముందు కాటా వేయించండి.

స్కూటర్‌ను ఎక్కించడం ఇద్దరి పని. నేను హ్యాండిల్ పట్టుకుని ఇంజన్ బలంతోనే మెల్లగా ర్యాంపు మీద నడిపిస్తాను, మావారు పక్కన భుజం ఆనించి నిలబడతారు. ముందు చక్రం గాడిలో పడగానే చిన్న చప్పుడు వస్తుంది. అది వినేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉంటాను. తర్వాత నాలుగు పట్టీలు. ముందు రెండూ బిగించేటప్పుడు స్కూటర్ ముందు భాగం రెండంగుళాలు కిందికి కుంగాలి, లేకపోతే దారిలో గతుకులకు పట్టీ వదులైపోతుంది. ఒకసారి అలాగే వదులైంది. 50 మైళ్లు పోయాక ఆగి చూస్తే స్కూటర్ ఒక పక్కకు వాలి ఉంది, పట్టీ కొక్కెం క్యారియర్ అంచున వేలాడుతోంది. అది ఊడి ఉంటే వెనుక వచ్చేవాళ్ల గతి ఏమిటన్న ఆలోచనకు నా చేతులు చాలాసేపు వణికాయి. ఆ రోజు నుంచి బయలుదేరిన పది మైళ్లకు ఒకసారి, తర్వాత ఆగిన ప్రతిచోటా పట్టీలు చేత్తో లాగి చూస్తాం. ఇంకో చిన్న ఇబ్బంది ఉంది. వెనుక కెమెరా తెరలో ఇప్పుడు స్కూటర్ సీటు తప్ప ఏమీ కనిపించదు. మోటర్‌హోమ్ వెనుక దీపాలు, నంబరు ప్లేటు కూడా దాని చాటున పడితే క్యారియర్‌కు విడిగా దీపాల పట్టీ, ప్లేటు బిగించుకోవాలి.

లైసెన్సు విషయం త్వరగా చెప్పేస్తాను. మా చిరునామా టెక్సాస్‌ది. అక్కడ మోటర్‌సైకిల్ లైసెన్సుకు శిక్షణ తప్పనిసరి, ఇద్దరం చేరాం. హెల్మెట్ చట్టం రాష్ట్రానికో రకం. అరిజోనాలో 18 ఏళ్లలోపు వారికే తప్పనిసరి, సరిహద్దు దాటి కాలిఫోర్నియాలో అడుగుపెడితే అందరికీ. మేము ఏ రాష్ట్రంలోనూ హెల్మెట్ లేకుండా ఎక్కలేదు.

ఇక చోట్ల సంగతి.

మొంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కు ఒక్కటి చాలు, ఈ స్కూటర్ కొన్నందుకు. అక్కడ 1933లో తెరిచిన గోయింగ్ టు ద సన్ రోడ్డు 50 మైళ్ల పొడవున కొండల నడుమ సాగుతుంది. ఆ దారిలో అవలాంచ్ అనే చోటు నుంచి రైజింగ్ సన్ అనే చోటు వరకు 21 అడుగుల పొడవు లేదా 8 అడుగుల వెడల్పు దాటిన వాహనాలకు ప్రవేశం లేదు, అద్దాలు కూడా ఆ వెడల్పు లెక్కలోకే వస్తాయి. అంటే మా ఇల్లు అడుగుపెట్టే వీలే లేదు. మేము దిగింది సరస్సు ఒడ్డున ఉన్న ఆప్గర్ క్యాంపు మైదానంలో. కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఉండవు, పొడవాటి బండ్లు పట్టే స్థలాలు కొన్నే. అయినా దేవదారు చెట్ల నీడ, నడిచి వెళ్లేంత దూరంలో నీళ్లు. ఆ మైదానానికి నా మార్కులు ఎక్కువే.

జూలైలో తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరాం. పై భాగంలో వేగ పరిమితి గంటకు 25 మైళ్లే, కాబట్టి ఇద్దరితో మెల్లగా ఎక్కే స్కూటర్ వల్ల ఎవరికీ అడ్డు లేదు. ఎత్తుకు ఇంజన్ బలం తగ్గడం మాత్రం తెలుస్తూనే ఉంది. కారు కిటికీలోంచి కొండను చూడటం వేరు, తడిసిన రాతి వాసన పీలుస్తూ దాని పక్కనుంచి వెళ్లడం వేరు. 6,646 అడుగుల ఎత్తున ఉన్న లోగన్ పాస్ చేరేసరికి చేతివేళ్లు కొయ్యబారిపోయాయి. అప్పటికే కార్లు ఆపే స్థలం నిండిపోతోంది, మాకు ఒక మూల చోటు దొరికింది. దిగేటప్పుడు వీపింగ్ వాల్ దగ్గర కొండ గోడ నుంచి మంచు కరిగిన నీళ్లు ధారలుగా జారి మా వరుస అంచున పడుతున్నాయి. తప్పుకునే చోటు లేదు. ఎడమ భుజం పొడిగా, కుడి భుజం నుంచి మోకాలి దాకా తడిసి ముద్ద. మావారు వెనుక కూర్చుని చిన్నపిల్లాడిలా కేక పెట్టారు. ఆయన అలా కేక పెట్టగా వినడం నాకు అదే మొదలు. పార్కువాళ్ల షటిల్ బస్సు కూడా ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారికి, చలికి తట్టుకోలేనివారికి అదే మేలు.

వంతెనలతో కలిపిన దీవుల వరుస ఫ్లోరిడా కీస్‌లోనూ స్కూటర్‌దే పైచేయి. బహియా హోండా స్టేట్ పార్కులో దిగాం. అక్కడ చిరునామాలన్నీ మైలురాళ్లే. పార్కు 37వ మైలు దగ్గర, దారి ముగిసే కీ వెస్ట్ సున్నా దగ్గర. కీ వెస్ట్ ఇరుకు వీధుల్లో 28 అడుగుల బండి ఆపడం అసాధ్యం, స్కూటర్ మాత్రం ఎక్కడ పడితే అక్కడ ఒదిగిపోతుంది. వంతెనల మీద పక్కగాలికి బండి తూలుతుంది, అది గుర్తుంచుకోవాలి. ఉప్పుగాలి ఇంకో శత్రువు. రోజూ మంచినీళ్లతో కడిగినా మూడు వారాల్లో బోల్టులకు తుప్పు మొదలైంది.

యూటాలోని జయాన్ నేషనల్ పార్కులో స్కూటర్‌కు దాదాపు ముసుగు తీయలేదు. షటిల్ బస్సులు తిరిగే నెలల్లో లోయ రోడ్డు మీదికి సొంత వాహనాలను రానివ్వరు. వాచ్‌మన్ క్యాంపు మైదానం నుంచి బస్సు దగ్గరికి నడిచి వెళ్లవచ్చు, స్ప్రింగ్‌డేల్ ఊరు కూడా పక్కనే. ఒక్క తూర్పు వైపు సొరంగానికి మాత్రం స్కూటర్ తీశాం. 1930లో పూర్తయిన ఆ సొరంగం పొడవు 1.1 మైళ్లు. మేము వెళ్లిన ఏడాది పెద్ద బండ్లు 15 డాలర్లు కట్టి, ఎదుటి వాహనాలను ఆపించుకుని వెళ్లాల్సి వచ్చేది. స్కూటర్ మీద ఆ బాధ లేకుండా వెళ్లివచ్చాం.

ఇప్పుడు అసలు పరీక్ష. శీతాకాలంలో అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ చుట్టూ ఎడారిలో వేలకొద్దీ ఆర్వీలు (మోటర్‌హోమ్‌ల వంటి ఇంటి బండ్లు) దిగుతాయి. ప్రభుత్వ భూమిలో ఉన్న లా పోసాలో సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి మేము కట్టింది 180 డాలర్లు. అంత తక్కువ ధరకు చెత్త వేసే చోటు, నీళ్లు పట్టుకునే చోటు, మురుగు పోసే చోటు ఉండటం గొప్ప సదుపాయం. ఊరు కొద్ది మైళ్ల దూరమే. జనవరిలో గుడారాల సంతలకు కార్లు ఆపే చోటు దొరకక జనం అల్లాడుతుంటే మేము నేరుగా దుకాణం ముందుకే వెళ్లేవాళ్లం. మకాం దగ్గరి కంకరనేల గట్టిగానే ఉంటుంది గానీ, వాగుల్లో ఇసుక తగిలితే స్కూటర్ చిన్న చక్రాలు దిగబడిపోతాయి. అక్కడ దిగి తోయడమే.

ఫిబ్రవరిలో ఒక రాత్రి మావారికి తీవ్రమైన జ్వరం వచ్చింది. మరునాడు వైద్యుడితో ఫోనులో మాట్లాడితే మందు రాసి, దాన్ని కాలిఫోర్నియా వైపున్న బ్లైత్‌లో తీసుకోమన్నారు. 20 మైళ్లకు కాస్త పైన. దారి అంతా ఐ-10 హైవే, అరిజోనా వైపు వేగ పరిమితి 75. చట్టప్రకారం 153 సీసీ బండి హైవే ఎక్కవచ్చు, అంతవరకు ఇబ్బంది లేదు. పొరుగు ఆర్వీలవాళ్లు ఆ రోజు ఊళ్లో లేరు. ఒక్కదాన్నే బయలుదేరాను.

పిడి పూర్తిగా తిప్పినా ఎదురుగాలికి 60 దాటలేదు. ప్రతి ట్రక్కూ దాటేటప్పుడు మొదట గాలి నన్ను పక్కకు నెట్టేది, తర్వాత తనవైపు లాక్కునేది. ఆ రెండింటి మధ్య లిప్తపాటు చేతుల్లో ఏ బరువూ తెలియదు. ఆ క్షణం వచ్చినప్పుడల్లా నా ఒళ్లు గట్టిపడిపోయింది. కొలరాడో నది వంతెన దాటాక నాకు తెలియకుండానే కన్నీళ్లు కారుతున్నాయి, గాలి వల్లనో మరి దేనివల్లనో. మందు తీసుకుని, గాలి తగ్గేదాకా రెండు గంటలు అక్కడే కూర్చుని తిరిగి వచ్చాను. మావారికి నాలుగు రోజుల్లో నయమైంది. కానీ నడవలేని మనిషిని ఆస్పత్రికి తీసుకుపోవలసి వస్తే? స్కూటర్ మీద ఎక్కించలేను. ఇల్లంతా విప్పి కట్టుకుని నేనొక్కదాన్నే 28 అడుగుల బండి తోలాలి, అప్పటికి నాకు అది రాదు. తర్వాతి వారమే ఖాళీ మైదానంలో నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు నడపగలను.

సేవల విషయంలోనూ ఒక మాట. దారిలో బండి ఆగిపోతే సాయం పంపే పథకం మా మోటర్‌హోమ్‌కు ఉంది. స్కూటర్ పేరు విడిగా చేర్పించకపోతే వర్తించదని వెనుక టైరు పగిలిన రోజు తెలిసింది. చిన్న ఊళ్లలో స్కూటర్ టైరు దొరకదు. ఒక దుకాణం తెప్పించడానికి పన్నెండు రోజులు పడుతుందంది, మరో చోట అసలు స్కూటర్లు ముట్టుకోమన్నారు. అప్పటి నుంచి ఒక టైరు మంచం కింద దాచుకుంటున్నాం. సరుకుల సంగతికి వస్తే, సీటు కింద అర, వెనుక పెట్టె కలిపి ఇద్దరికి నాలుగు రోజుల కూరలు, పాలు పడతాయి. మాసిన బట్టల మూట ఒకసారికి ఒకటి. గ్యాసు సిలిండర్ మాత్రం ఎప్పుడూ దాని మీద తేలేదు, తేవద్దని గట్టిగా చెబుతాను. మకాం మారే రోజున మోటర్‌హోమ్‌తోనే వెళ్లి నింపించుకుంటాం.

ఇవన్నీ చూశాక నేను చోటును ఎంచుకునే పద్ధతే మారింది. ఇదివరకు మైదానం ఎలా ఉంది, నీడ ఉందా, కరెంటు ఉందా అని చూసేదాన్ని. ఇప్పుడు మొదట పటం తెరిచి, మకాం గేటు నుంచి మందుల దుకాణం దాకా ఉన్న దారి చూస్తాను. ఎనిమిది మైళ్ల లోపు, 45 వేగం దాటని పక్కదారి అయితే స్కూటర్ చాలు. మధ్యలో హైవే తప్ప దారి లేకపోతే ఆ నెలకు కారు అద్దెకు తీసుకుంటాం. ఏడాదిలో అలాంటివి ఆరేడు వారాలు. మాకు వారానికి సగటున 300 డాలర్లు పడింది. ఏడాది పొడవునా ఒక కారును లాక్కుంటూ, దానికి బీమా, బ్రేకుల ఏర్పాటు చూసుకోవడం కన్నా ఇదే మాకు చవక. ఏడాదంతా ఎడారుల్లో, ఊళ్లకు దూరంగా ఉండేవారికి, తరచూ ఆస్పత్రి అవసరమయ్యేవారికి ఈ లెక్క కుదరదు, వాళ్లు కారే పెట్టుకోవాలి. ఎలక్ట్రిక్ సైకిళ్లు తేలిక, మోటర్‌హోమ్ కరెంటుతోనే ఛార్జి అవుతాయి. ఊరిని ఆనుకున్న మకాముల్లో అవి స్కూటర్ కన్నా మేలని రోజురోజుకూ అనిపిస్తోంది, కానీ మావారి మోకాళ్లు ఒప్పుకోవడం లేదు.

వచ్చే శీతాకాలం మళ్లీ లా పోసాకే. జనవరి, ఫిబ్రవరి నెలలకు అద్దె కారు ఇప్పుడే మాట్లాడి పెట్టాం. స్కూటర్‌కు నిన్ననే కొత్త పట్టీలు కొన్నాను, పాత వాటి అంచుల్లో పోగులు లేస్తున్నాయి.